సర్కారు సంతకం పడిన పులుసు

"విషం లేదంటే ఎట్టాగండీ? మరి నేను మూడు రోజులు మంచం దిగకుండా పడుంది దేనికండీ?"

తిరువూరు మేజిస్ట్రేటు కోర్టులో పత్తి వ్యాపారి శేషగిరిరావు లేచి అరిచాడు. బోనులో ఉన్న రావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంత రోజున ఆమె భోజనహోటల్లో తొలి విస్తరి ఆయనదే. వంకాయ పులుసుతో తృప్తిగా తిని వీధిలోకి వెళ్ళాడో లేదో, వాంతులతో కూలబడ్డాడు. అది చూసి మిగతావాళ్ళు విస్తళ్ళ ముందు నుంచి లేచి పారిపోయారు. పాత తగాదా మనసులో పెట్టుకుని రావమ్మే విషం కలిపిందని ఆయన కేసు పెట్టాడు.

"కూర్చోండి. ఆయన్ని చెప్పనివ్వండి," అన్నాడు మేజిస్ట్రేటు.

సాక్ష్యం చెబుతున్నది ఆదిశేషయ్య. సర్కారువారి విషపరీక్షశాలకు పెద్ద. కింద నలుగురు అసిస్టెంట్లు పరీక్షలు చేస్తారు, ఆయన సంతకం పడందే ఏ కాగితమూ గడప దాటదు. అంతటి మనిషి బస్సు దుమ్మంతా కోటు మీద వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"హోటలు నుంచి తెచ్చిన పులుసు సీసాలో పోసి, సీలు వేసి మాకు పంపారు. సీలు చెక్కుచెదరలేదు. పాషాణం వెతికాం, పాదరసం వెతికాం, లోహాలన్నీ చూశాం, ఉమ్మెత్త, గన్నేరు చూశాం. మావాళ్ళు ఒకసారి, నేను స్వయంగా మరోసారి. ఏమీ లేదు. ఆ పులుసు పసిపిల్లాడికి పెట్టొచ్చు."

కేసు కొట్టేశారు.

ఆదిశేషయ్య కోర్టు మెట్లు దిగుతుంటే రావమ్మ ఎదురొచ్చి చేతులు జోడించింది.

"కేసు పోయింది బాబుగారూ. నా హోటలూ దాంతోపాటే పోయింది. రెండు నెలలుగా గడప తొక్కినవాడు లేడు. మీ ఇంగ్లీషు కాగితం ఈ ఊళ్ళో ఎంతమంది చదువుతారు? ఒక్క పూట, నలుగురూ చూస్తుండగా మా ఇంట చెయ్యి కడగండి. నా పొయ్యి మళ్ళీ వెలుగుద్ది."

ఆదిశేషయ్య చేతిలోని సంచిని దగ్గరికి లాక్కున్నాడు. విషం కలిసిన కాఫీలు, పాయసాలు, లడ్లు, తమలపాకులు ఇరవై రెండేళ్ళుగా సీసాల్లో చూసి చూసి ఆయన బయట మంచినీళ్ళు కూడా ముట్టడు. పెళ్ళిళ్ళకు వెళితే కళ్ళ ముందు కొట్టిన కొబ్బరిబోండం తాగి వచ్చేస్తాడు. ఇప్పుడు కూడా సంచిలో భార్య సరోజినీదేవి కట్టిచ్చిన పెరుగన్నం ఉంది.

"బయటి భోజనం నాకు పడదమ్మా," అన్నాడు నెమ్మదిగా.

మెట్ల మీద శేషగిరిరావు పకపకా నవ్వాడు. "విన్నారుగా! రాసిచ్చినాయనే తినడానికి జంకుతున్నాడు. విషం కాగితం మీద లేదంట గానీ, విస్తట్లో ఉన్నట్టుందే!"

జనం కూడా నవ్వారు. ఆదిశేషయ్యకు ఒళ్ళు మండిపోయింది. తనను ఏమన్నా పడేవాడేమో గానీ, తన సంతకాన్ని అంటే పడడు.

"పదండమ్మా. ఆ వంకాయ పులుసే వండండి."

సగం ఊరు వెంట నడిచింది. గంటలో పొగలు కక్కుతూ పులుసు విస్తట్లోకి వచ్చింది. గుమ్మంలో, కిటికీల్లో తలలే తలలు. ఆదిశేషయ్య కళ్ళు మూసుకుని మొదటి ముద్ద మింగాడు. ఆగాడు. ఏమీ కాలేదు. రెండో ముద్దకు నాడి చూసుకున్నాడు, బాగానే కొట్టుకుంటోంది. మూడో ముద్దకు తాను ఏ ఉద్యోగం చేస్తున్నాడో మర్చిపోయాడు.

"ఇంకొంచెం పొయ్యండి," అన్నాడు. మళ్ళీ అన్నాడు. ఆపైన ఎంగిలి చెయ్యి ఎత్తి గుమ్మంలో ఉన్నవాళ్ళను కేకేశాడు. "అక్కడ నిలబడి చూస్తారేంటయ్యా? వచ్చి కూర్చోండి. నాదీ పూచీ!"

ఆయన మజ్జిగలోకి వచ్చేసరికి నలభై విస్తళ్ళు పడ్డాయి. వాసనకు తట్టుకోలేక శేషగిరిరావు కూడా పరువు చంపుకుని ఓ మూల కూర్చున్నాడు. రావమ్మ కళ్ళు తుడుచుకుంటూ వడ్డించింది.

పెరట్లో ఆమె చెంబుతో నీళ్ళు పోస్తుంటే ఆదిశేషయ్య చేతులు కడుక్కుంటూ నవ్వాడు.

"హడావిడిలో ఒకటి మర్చిపోయారమ్మా. ఇవాళ బెల్లం వెయ్యలేదు. మాకొచ్చిన పులుసులో బెల్లం ఉంది. అది కూడా రాసుకున్నాం. మా పరీక్షంటే అట్లా ఉంటుంది."

"భలే కనిపెట్టారు బాబుగారూ! మేము పులుసులో బెల్లం వెయ్యమండీ. అది పక్కింటి ప్రేమావతమ్మ పులుసు. పోలీసులొచ్చి అడిగేసరికి మాది లేదు. లేదంటే ఏమంటారోనని భయమేసి, ఆవిడ దగ్గర గిన్నెడు తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టాను."

ఆదిశేషయ్య చేతులు నీళ్ళ కింద అట్లాగే ఆగిపోయాయి.

"మరి... మీ పులుసేమైంది?"

"పారబోశానండీ. సంత రోజని పెద్ద ఇత్తడి గుండిగలో ముందురోజే వండి ఉంచాను. దానికి కళాయి పోయి ఏడాదైంది. అడుగునంతా పచ్చగా కిలుం దిగింది. చూడ్డానికి బాగాలేదని వాళ్ళ కంట పడనివ్వలా."

ఇత్తడి కిలుమంటే విషమేనని తెలిసిన ఆదిశేషయ్య తల తిప్పి హాల్లోకి చూశాడు. నలభైమందీ వంచిన తల ఎత్తకుండా పులుసు జుర్రుకుంటున్నారు. మూల నుంచి "ఇంకొంచెం పొయ్యండి" అంటున్నది శేషగిరిరావు గొంతే.

"ఇవాళ... ఇవాళ దేంట్లో వండారమ్మా?"

"అదేం మాట బాబుగారూ, ఊరంతా మీ వెంట వస్తుంటే చిన్న గిన్నె ఏం సరిపోద్ది? మళ్ళీ ఆ గుండిగే పొయ్యెక్కించా!"