బల్ల మీది ముసలాయన

"బిడ్డా, బెల్టు మూత బిగించే ముందు ఇంజిన్‌ను చేత్తో ఒకసారి తిప్పి చూడు."

షెడ్డు ముందు బల్ల మీద కూర్చున్న ముసలాయన అన్నాడు.

ఎల్లేష్‌కు ఒళ్లు మండింది.

"నువ్వు చాయ్ తాగు తాతా. నా పని నన్ను చెయ్యనియ్యి."

ముసలాయన నవ్వి చాయ్ గ్లాసు అందుకున్నాడు.

పురానాపూల్ వంతెన దగ్గర ఎల్లేష్ ఈ షెడ్డు అద్దెకు తీసుకున్నప్పటి నుంచి ఆయన ఇంతే. పేరేమిటో ఎల్లేష్ అడగలేదు, ఆయన చెప్పలేదు. పొద్దున్నే వస్తాడు. షట్టర్ ఇరుక్కుంటే కింద ఎడమ మూలన కాలితో ఒక్క తన్ను తంతాడు, అది బుద్ధిగా పైకి లేస్తుంది. ఆ తర్వాత బల్ల మీద కూర్చుని ఎవరి బండికి ఏమైందో చూస్తుంటాడు. పనీ పాటా లేని మనిషి అనుకున్నాడు ఎల్లేష్.

ఆ రోజు మాత్రం సలహాలు వినే ఓపిక అతనికి లేదు. ఎదురుగా ఉన్నది ఉస్మాన్‌గంజ్ బజారులో అందరూ మాట వినే జగదీశ్వర్ సేటు కారు మరి. ఇంట్లో కొత్త కార్లెన్ని ఉన్నా, సేటు దుకాణం తెరవడానికి తండ్రి కొన్న ఈ పాత కారులోనే వెళతాడు. ఇంజిన్ చక్రాలను ఒకే లయలో తిప్పే దాని టైమింగ్ బెల్టు మార్చే పని తనకు దొరకడమే అదృష్టం. సేటు మెచ్చితే బజారు బండ్లన్నీ ఈ షెడ్డుకే వస్తాయి. పెదవి విరిస్తే ఒక్కటీ రాదు. అంతకుముందు ఇక్కడున్న మెకానిక్ అట్లాగే గిరాకీ పోయి ఖాళీ చేశాడని ఎల్లేష్ విన్నాడు.

మూత బిగించి తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకుంది, కానీ కొంచెం వణికింది.

కొత్త బెల్టు కదా, సర్దుకుంటుందిలే అనుకుని పంపించేశాడు.

అది సర్దుకోలేదు.

మర్నాడు పొద్దున్నే సేటు డ్రైవరు కారు తెచ్చి షెడ్డు ముందు పెట్టాడు.

"పూల్ ఎక్కనంటున్నది అన్నా. వెనక బస్సులోళ్లు ఒకటే హారన్లు. సేటు ఆటోల పోయిండు. దుకాణం తెరిచి ఇటే వస్తడంట. మస్తు గరం మీదున్నడు."

ఎల్లేష్ ప్లగ్గులు తీసి చూశాడు. బాగానే ఉన్నాయి. వైర్లు మార్చాడు. కార్బురేటర్ విప్పి కడిగాడు. ఇంజిన్ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూనే ఉంది.

చూడాల్సిన చోటు ఏదో అతనికి తెలుసు. అక్కడ చూడటానికే భయం.

చివరికి బెల్టు మూత విప్పాడు. పై చక్రం మీది గుర్తు ఉండాల్సిన గీత దగ్గర లేదు, చక్రం ఒక పన్ను మేర పక్కకు జరిగింది. బిగించేటప్పుడు బెల్టు జారింది. చేత్తో తిప్పి చూసుంటే నిన్ననే కనిపించేది.

ఎల్లేష్ బల్ల వైపు చూడలేకపోయాడు.

అప్పుడే సేటు ఆటో దిగాడు.

"ఏంది ఎల్లేష్ ఇది? మంచిగున్న బండిని ఖరాబ్ చేసిస్తవా? పని రానోడివి షెడ్డెందుకు పెట్టినవ్?"

పక్క దుకాణాల వాళ్లు బయటికి వచ్చారు. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

బల్ల మీంచి ముసలాయన లేచాడు.

"సేటూ, పిలగాన్ని అనకుండ్రి. తప్పు నాది."

"నువ్వెవడివి?"

"ఊకె ఈడ కూసుంట. నిన్న అతను పానా కోసం లోపలికి పోయినప్పుడు, ఎట్ల తిరుగుతదో సూద్దామని ఆ చక్రం నేనే తిప్పిన. గప్పుడే జారినట్టుంది. అతనికి తెల్వదు."

నిన్న ఎల్లేష్ పానా కోసం లోపలికి పోనేలేదు. అయినా సేటు వైపు చూడకుండా ఇంజిన్ మీదికి వంగాడు.

సేటు కోపమంతా ముసలాయన మీదికి మళ్లింది. అనరాని మాటలన్నీ అన్నాడు. ముసలాయన తల వంచుకుని అన్నీ పడ్డాడు.

"గిసుంటోళ్లను షెడ్డుల ఎందుకు కూసోబెడతవ్?" సేటు ఎల్లేష్ వైపు తిరిగాడు.

"ఇంకోసారి రానియ్య సేటూ."

అనేశాక గానీ ఏమన్నాడో ఎల్లేష్‌కు తెలిసిరాలేదు.

ముసలాయన చేతిసంచి తీసుకుని పూల్ వైపు నడిచి వెళ్లిపోయాడు.

ఎల్లేష్ బెల్టు సరిచేశాడు. ఈసారి మూత బిగించే ముందు ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూశాడు. గుర్తులు కలిశాయి. తాళం తిప్పగానే కారు వణుకు లేకుండా మెత్తగా అందుకుంది.

సేటు ముఖం విప్పారింది.

"మా తమ్ముళ్ల బండ్లు గూడ నీ దగ్గరికే పంపిస్త."

కోరుకున్నదే జరిగింది. అయినా ఆ పూట ఎల్లేష్‌కు అన్నం సయించలేదు. రేపు రాగానే ఆయన కాళ్లు పట్టుకోవాలనుకున్నాడు.

మర్నాడు షట్టర్ ఇరుక్కుంది. ఎల్లేష్ దానితో చాలాసేపు కుస్తీ పట్టాడు. ముసలాయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఉస్మాన్‌గంజ్ బండ్లు మాత్రం వరస కట్టాయి.

చివరికి పక్కన చాయ్ డబ్బా నడిపే చంద్రమ్మను అడిగాడు.

"పెద్దమ్మా, బల్ల మీద కూసునే తాత యాడుంటడు?"

"ఇశ్రాయేలా? ఉప్పుగూడల ఉంటుండె. మొన్ననే బిడ్డ దగ్గరికి పోయిండు. ఏ ఊరో నాకు తెల్వదు. ఇంక ఈ దిక్కు రానన్నడు."

"నా మీద కోపమొచ్చిందా?"

"కోపమా? పిలగాని షెడ్డు నిలబడ్డది, ఇంక నాకు ఫికర్ లేదని నవ్వుకుంట చెప్పి పోయిండు."

ఎల్లేష్ ఖాళీ బల్ల వైపు చూశాడు.

"నా షెడ్డు నిలబడితే ఆయనకేంది పెద్దమ్మా? అసలు ఆయన ఎవలు?"

చంద్రమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టి అతన్ని వింతగా చూసింది.

"నీకన్న ముందు ఈ షెడ్డు ఆయనదే గద బిడ్డా... గిట్లనే ఒక బండి బెల్టు జారితే, గిదే జాగల ఇంకో సేటు గిట్లనే లొల్లి చేసిండు, గప్పుడు ఆయన పక్కన నిలబడి ఒక్క మాట అన్నోడు లేకపాయె."