పదకొండేళ్ళ తీగలు

"తీగలన్నా మార్చు బావా, లేదంటే రేపు రికార్డింగుకి రావడమన్నా మానెయ్" అన్నాడు బావమరిది, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే.

వారమంతా బీమా ఆఫీసులో ఫారాలు నింపే బావగారికి తానూ ఒక మనిషినే అనిపించేది శనివారాలు బావమరిది బ్యాండులో నాలుగు తీగల బాస్ గిటారు మెడకు తగిలించుకున్నప్పుడే. ఆ ముచ్చట కాస్తా పోతే ఇక మిగిలేవి ఫారాలే. అయినా తీగల మాటెత్తితే ఆయన ఎవరి మాటా వినే రకం కాదు.

"మార్చేదేంట్రా? ఇవి ఫ్లాట్‌వౌండ్ తీగలు. మీ గరుకు తీగల్లా నెల తిరక్కుండా పీకి పారేసేవి కావు. పైన చుట్టింది రిబ్బన్‌లా చదునుగా ఉంటుంది. వేలు అద్దం మీద జారినట్టు జారుతుంది. పదకొండేళ్ళుగా నా వేళ్ళ జిడ్డు తాగీ తాగీ ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నాయి."

"మాట్లాడ్డం కాదు బావా, మూలుగుతున్నాయి. ఫ్లాట్‌వౌండే వేసుకో, ఎవరొద్దన్నారు? కాకపోతే కొత్తవి వేసుకో."

"కొత్తవాటికి ఏం తెలుసురా లోకం?"

ఆ గిటారు విషయంలో ఇంట్లో కఠినమైన చట్టాలున్నాయి. దాన్ని ఎవరూ తుడవకూడదు. దాని మీద పడ్డ దుమ్ము కూడా సంగీతంలో భాగమే. వాయించే ముందు బావగారు చేతులు కడుక్కోరు, జిడ్డు పలచబడుతుందని. కచేరీ రోజు పొద్దున్నే తలకు నూనె రాసుకుని, ఆ చేత్తోనే తీగలు నిమురుతారు. ఆ గది ఊడ్చేటప్పుడు ఆయన భార్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది.

"పైగా వీటికి ప్రాణముందిరా" అన్నారు బావగారు గొంతు తగ్గించి. "మూడు నెలల కింద నేను ఆఫీసు ట్రైనింగుకని వారం రోజులు పోయొచ్చానా, వచ్చి ముట్టుకుంటే కొత్తపెళ్ళికొడుకుల్లా ఖంగుమన్నాయి! విశ్రాంతి దొరికితే తీగలైనా కోలుకుంటాయి. కావాలంటే మీ అక్కనడుగు."

అక్క తడిబట్టల బకెట్టుతో అటే పోతూ, "అవున్రా, బాగా కోలుకున్నాయి" అంది.

బావమరిది కారులోంచి ఇంకో బాస్ గిటారు పట్టుకొచ్చాడు. అచ్చం బావగారిదాని లాంటిదే, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చాడు. దానికి నిన్ననే కొత్త ఫ్లాట్‌వౌండ్ సెట్టు బిగించాడు.

"నువ్వు బాల్కనీలోకెళ్ళి అటు తిరిగి నించో. నేను రెండూ వాయిస్తా. నీదేదో చెప్పావా, జన్మలో నీ తీగల ఊసెత్తను. చెప్పలేకపోయావా, రేపు డ్రమ్మరు తమ్ముడు వాయిస్తాడు. వాడితో మాట కూడా అయిపోయింది."

బావగారి అరచేతులు చెమర్చాయి. మామూలుగానైతే ఆ చెమట వృథా పోనిచ్చేవారు కాదు.

బాల్కనీ గజం మీద కాస్త వెడల్పు. దాని మీదుగా నాలుగు వరసల దండెం. లావుపాటి వరస మీద దుప్పటీ, తువ్వాలూ, సన్నపాటి దాని మీద రుమాళ్ళు ఆరేసి ఉన్నాయి. బావగారు వాటి మధ్య ఇరుక్కుని కళ్ళు మూసుకున్నారు. తన బనియనే తడిగా వచ్చి చెంపకు తగిలింది. విసురుగా పక్కకు తోస్తే దండెం 'డుమ్' మంది.

"ఛీ, చవకబారు ఇనపతీగ! సరిగ్గా వినే టైముకి దీని గోలొకటి" అని దాన్ని రెండు వేళ్ళతో గట్టిగా నొక్కిపట్టుకున్నారు.

లోపల మొదటి గిటారు మోగింది. కాసేపాగి రెండోది మోగింది.

"రెండోది!" బావగారు కేకేశారు. "రెండోదే నాది!"

బావమరిది నోరెళ్ళబెట్టాడు. "ఎలా చెప్పావు బావా?"

"మొదటిదానికి గొంతుందిరా, అనుభవం లేదు" అంటూ లోపలికి వచ్చి తన గిటారును ఒళ్ళోకి లాక్కున్నారాయన. "ఇందులో పదకొండేళ్ళున్నాయి. ఈ లావు తీగలో మా అమ్మాయి తొలి అడుగులున్నాయి. ఈ సన్నదాన్లో మా నాన్న పోయిన ఏడాది ఉంది. నీకు వినపడదు. కొత్త తీగతో అవి పలికించు చూద్దాం!"

"నీ చెవులకో దణ్ణం బావా. రేపు తొమ్మిదింటికల్లా వచ్చెయ్" అన్నాడు బావమరిది. అతని కళ్ళు చెమర్చాయి.

బావగారికి ఆనందం పట్టలేదు. ఏడుపు ఎవరికీ కనిపించకూడదని మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళి, మొహం తుడుచుకోవడానికి లావు వరస మీది తువ్వాలు అందుకున్నారు. పక్కనే వంటింటి కిటికీ. లోపల అక్కాతమ్ముళ్ళ మాటలు ఆ గొప్ప చెవులకు స్పష్టంగా వినిపించాయి.

"ఈ కొత్త సెట్టు దండగైపోయిందక్కా. ఆ గిటారుకి మళ్ళీ మా స్నేహితుడి తీగలే బిగించి ఇచ్చెయ్యాలి."

"దండగెందుకవుతుందిరా? విప్పాక నాకిచ్చెయ్."

"నీకెందుకు?"

"మెల్లగా మాట్లాడు. దండెం ఇంకో నాలుగు వరసలు కట్టుకుంటా. మీ బావ ట్రైనింగుకెళ్ళినప్పుడు కంపు భరించలేక షాపులో విప్పించి కొత్తవి వేయించేశాగా, ఆ పదకొండేళ్ళ తీగలు మూడు నెలలుగా తడి దుప్పట్లు మోస్తున్నా ఇంతన్నా సాగలేదు!"