ఆవిడకలాంటివేం లేవండీ

డాక్టరు అడిగింది ఆవిడని. జవాబు చెప్పింది మొగుడు.

"ఇదివరకు మందులేవైనా పడలేదా అమ్మా? ప్లాస్టరు, జిగురు లాంటివి తగిలితే దురద వచ్చేదా?"

"ఆవిడకలాంటివేం లేవండీ. ఉక్కుపిండం."

ఆయనది జుట్టునూనె వ్యాపారం. సీసా మీద బొమ్మ ఆవిడదే. పొద్దస్తమానం పెళ్లాన్ని కౌంటరు పక్కన వీపు ఇటు తిప్పి నిలబెడతాడు. మోకాళ్ల దాకా వేలాడే ఆ జడ చూసి జనం ఎగబడి కొంటారు. అలా ఏళ్ల తరబడి నిలబడీ నిలబడీ ఆవిడ కాలి నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. కాళ్లదాకా చూసే తీరిక ఆయనకెక్కడిది!

కోత లేదు, కుట్టు లేదు, ఉబ్బిన నరంలోకి జిగురు ఎక్కించి మూసేస్తామన్నాడు డాక్టరు. మర్నాడే షాపులో నిలబడొచ్చనగానే మొగుడు ఎగిరి గంతేశాడు. డాక్టరు ఆవిడ్ని ఇంకేదో అడగబోయాడు. ఈలోగా బల్లమీద ఓ నూనె సీసా వచ్చి కూర్చుంది. డాక్టరుది బట్టతల. పాపం, అడగబోయింది మర్చిపోయాడు.

జిగురు ఎక్కించారు. వారం తిరక్కుండా ఆ నరం పొడవునా కాలు ఎర్రగా కందిపోయింది. దద్దుర్లు, మంట. ఆవిడకు కంటిమీద కునుకు లేదు. మొగుడు మాత్రం "నువ్వు మరీ సున్నితం" అంటూ మళ్లీ కౌంటరు దగ్గరే నిలబెట్టాడు. ఉక్కుపిండమన్నదీ ఆ నోరే.

కాలు కింద మోపలేని స్థితికొచ్చాక తీసుకొచ్చాడు. డాక్టరు చూసి కంగారుపడ్డాడు. చీము పట్టడం వల్లయితే ఒక మందు. జిగురు పడకపోవడం వల్లయితే వేరే మందు, దానికీ లొంగకపోతే కోసి ఆ జిగురును నరంతో సహా తీసేయాలి. ఏదన్నది తేలకుండా చెయ్యి పెడితే కాలికే ముప్పన్నాడు.

"బాగా గుర్తుచేసుకోండమ్మా. ఒంటిమీద ఎక్కడైనా, ఎప్పుడైనా జిగురు వాడారా?"

"చెప్పాను కదండీ, ఆవిడకలాంటివేం..."

"అడుగుతున్నది ఆవిడ్ని" అన్నాడు డాక్టరు.

"దానికేం తెలుసండీ? నోట్లో నాలుక లేని మనిషి" అన్నాడు మొగుడు, పెళ్లాం వంక గుడ్లురుముతూ.

ఆ నోట్లో నాలుక లేని మనిషి లేచి కూర్చుని, రెండు చేతులూ నెత్తిమీదికి పోనిచ్చి, మోకాళ్ల దాకా ఉన్న ఆ జడను జిగురు చారలతో సహా చర్రున ఊడబెరికి మొగుడి ఒళ్లో పడేసింది.