తేలిక చేసిన చక్రం

"ఓడిపోతే కారు నాకిచ్చేసి బస్సులో తిరిగొస్తావా?" అన్నాడు భానుమూర్తి, తన ఫియట్ తలుపు మీద చెయ్యేసి.

"వస్తాను బావా. నేను గెలిస్తే మాత్రం నా చక్రం గురించి మీరింకెప్పుడూ నోరెత్తకూడదు!"

ఉమాపతికి ఒళ్లు మండిపోతోంది మరి! ఇద్దరివీ ఒకే ఏడాది కొన్న ఫియట్లు. వచ్చే నెల మద్రాసులో కార్ల పందేలని, ఇంజను వెనక తిరిగే ఫ్లైవీలుని, ఆ బరువైన ఇనప చక్రాన్ని, బెజవాడలో లేతు మీద చెక్కించి తేలిక చేయించాడు ఉమాపతి. అక్క మొగుడు చూసి ఊరుకుంటేనా? "శుద్ధ దండగ" అని తేల్చేశాడు. మాటా మాటా పెరిగింది. నూజివీడు మామిడితోట నుంచి హనుమాన్ జంక్షన్ దాకా పందెం. కారు పోతే ఇంక మద్రాసు ఆశ కూడా పోయినట్టే.

బరువు తగ్గాలని నిన్న సాయంత్రమే ఉమాపతి స్టెప్నీ, జాకీ, వెనక సీటు పీకి అవతల పడేశాడు.

తల్లి సౌభాగ్యలక్ష్మి చేతులకంటిన ఎండుగడ్డి దులుపుకుంటూ వచ్చింది. పందెం సంగతి ఆవిడకి తెలీదు. "కాఫీలు తాగారుగా, నిదానంగా వెళ్లండి నాయనా" అంది.

నిదానమా! రెండు కార్లూ ఒక్కసారే దూకాయి. మొదట ఉమాపతే ముందు. కాలు ఆనిస్తే చాలు, ఇంజను ఠక్కున అందుకుంటోంది. "చూసుకోండి బావా!" అని అరిచాడు.

కానీ ఎత్తు రాగానే బండి నీరసపడింది. గేరు మార్చాడు, నొక్కాడు. ఉహూ! అద్దంలో బావ కారు దగ్గరపడుతోంది. ఇంతలో ఎదురుగా ఎడ్లబండి. పక్కకి కోశాడు, టైరు రోడ్డు దిగింది, దుమ్ము లేచింది. దుమ్ము అణిగేసరికి బావ పక్కనే ఉన్నాడు.

జంక్షన్లో సాక్షిగా నిలబెట్టిన సోడా కొట్టు బాలశౌరి తువ్వాలు ఊపాడు. "భానుమూర్తిగారేనండీ! మూరెడు ముందు!"

ఉమాపతికి ఏడుపొక్కటే తక్కువ. తాళం బావ చేతిలో పెట్టాడు. చివరిసారిగా కారు చుట్టూ తిరుగుతుంటే డిక్కీ సందులోంచి గడ్డిపోచ వేలాడుతూ కనిపించింది. మూత ఎత్తాడు. గడ్డిలో పొదిగిన రెండు బుట్టల రసాలు!

"అమ్మా! ఎంత పని చేశావే!" అని నెత్తి కొట్టుకున్నాడు. అంతలోనే మొహం వెలిగిపోయింది. "బావా, ఈ పందెం చెల్లదు! ఈ బరువు వల్లే ఎత్తెక్కలేదు. నా చక్రం తప్పేం లేదు. తాళం ఇటివ్వండి, మళ్లీ పెడదాం!"

భానుమూర్తి వెళ్లి తన డిక్కీ తెరిచాడు. మూత లేవగానే రసాలు జలజలా రోడ్డు మీదికి దొర్లాయి. లోపల చెయ్యి పెట్టడానికి సందు లేదు.

"పొద్దున అత్తయ్యగారు సర్దిస్తుంటే చూశాను ఉమాపతీ," అన్నాడు. "నా దాంట్లో పట్టని రెండు బుట్టలే నీ దాంట్లో పెట్టించారు."