బాన మీద బండ

"నిజం చెప్పవే! పత్యం తప్పావా, లేదా?"

కోడలు రిబ్కా తల వంచుకుంది. జోజమ్మకు ఒళ్లు మండిపోయింది. వినగడప నుంచి తిరువూరు ఆస్పత్రి దాకా బస్సులో అడిగిందే అడిగింది, పిల్ల పెదవి కదిపితే ఒట్టు. ఒళ్లో మూడు నెలల మనవడు ఎగశ్వాస తీస్తున్నాడు. నోరు తెరిచి ఏడుస్తున్నాడు గానీ గొంతులోంచి చప్పుడే రావడం లేదు.

డాక్టరు సలావుద్దీన్ బిడ్డ గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు.

"బాలింతకు ఏం పెడుతున్నావమ్మా?"

"లోటేం లేదండి. మేం ముతక బియ్యం తిన్నా, తనకు మాత్రం మిల్లులో మూడుసార్లు పాలిష్ పట్టించిన సన్నబియ్యం. తెల్లనీళ్లు పోయేదాకా కడిగి, గంజి వార్చి, వెల్లుల్లి కారంతో పెడుతున్నా. కూర ముక్క తగలనిస్తే ఒట్టు."

డాక్టరు ఉడకబెట్టిన సిరంజి తీసి బిడ్డకు సూది వేశాడు. జోజమ్మ జపమాల పట్టుకుని గోడవారన కూలబడింది. వీడికేమన్నా అయితే కొడుక్కు మొహం ఎలా చూపించాలో ఆమెకు తెలియలేదు.

పొద్దు వాలకముందే ఆస్పత్రి అదిరిపోయేలా ఏడుపు వినిపించింది. మనవడిదే!

జోజమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "దేవుడల్లే ఆదుకున్నారు బాబూ! ఏముంది ఆ సూదిలో?"

"బి వన్ విటమిను. గోటి మీద నిలిచేంత." ఎన్నిసార్లు చూసినా ఆ వింత డాక్టరుకు పాతబడలేదు, కళ్లు మెరుస్తున్నాయి. "పొయ్యి నిండా కట్టెలు పేర్చి నిప్పు పెట్టకపోతే కూడు ఉడుకుతుందా? ఇది లేకపోతే తిన్న అన్నం ఒంటికి బలం ఇవ్వదు. తల్లి పాలల్లో లేక బిడ్డ గుండె నీరసించింది. అది బియ్యం పైపొరలో ఉంటుంది. సగం మిల్లులో పోగొట్టావు, మిగతాది గంజితో పారబోశావు."

"పారబోయలేదండి. తవుడు కలిపి గేదెకు పెట్టాను." అంది జోజమ్మ. "అదీ పక్కింటి నాగేంద్రమ్మ ముంచుకుపోతోందని, పోయిన నెల పోట్లాడి కుడితి బాన మీద బండ పెట్టాను."

"ఈ తిండితో బిడ్డ ఇన్నాళ్లు నిలవడమే గొప్ప. నీకా విటమిను ఇంకెక్కడి నుంచో అంది ఉండాలి తల్లీ" అన్నాడు డాక్టరు, రిబ్కా వైపు తిరిగి.

రిబ్కా అప్పటికి నోరు విప్పింది.

"ముంచుకుంది నాగేంద్రమ్మ పిన్ని కాదత్తా. నువ్వు బండ పెట్టేదాకా రోజూ చెంబుడు తాగింది నేనే."