ఏ సైజుకూ కుదరని పైపు

“ఈ లావు పైపు లోకంలోనే లేదమ్మా,” అంటూ వెంకటేశయ్య దారాన్ని కౌంటరు మీద పడేశాడు.

ఎవాంజలిన్‌కు ఏమీ పాలుపోలేదు. నిన్న సాయంత్రం రెండేళ్ల కూతురు జూలియా వరండా అంచుకు అడ్డంగా బిగించిన పైపు కింద నుంచి దూరి, రాతికాలువలో పడబోయింది. గౌను అంచు చేతికి చిక్కబట్టి సరిపోయింది. ఆ పైపు కింద ఇంకొకటి అడ్డం వేయించేదాకా తనకు నిద్ర పట్టదు. పైదానికి సరిజోడీ అయితేనే వేయనిస్తానని అత్త అంతోనమ్మ తెగేసి చెప్పింది. అందుకే పైపు చుట్టూ దారం చుట్టి, కొలతకు ముడి వేసుకుని కోలారు బంగారు గనుల దగ్గరి ఊరిగాం నుంచి ఈ ఇనుప కొట్టుకు వచ్చింది.

“మా ఇంట్లో ఉండాది కదయ్యా. లోకంలో లేదంటే ఎట్ల?”

“నువ్వే చూడు. ఇది ఇంచు పైపు. నీ ముడి దగ్గరికి చుడితే దారం మిగులుతా ఉండాది. ఇది ఇంచుంపావు. దీనికి చాల్లేదు.”

ఎవాంజలిన్ కౌంటరు మీది టేపు తీసి ఇంచు పైపు మూతి మీద పెట్టింది. ఇంచుంపావు దాటింది. లోపలి బెజ్జం కొలిచింది. అదీ సరిగ్గా ఇంచు కాదు, కొంచెం ఎక్కువే.

“ఇంచు అంటిరే. దీంట్లో ఇంచు యాడ ఉండాది?”

“యాడా లేదు. ఒకప్పుడు లోపలి బెజ్జాన్ని బట్టి పెట్టిన పేరు, అట్లే నిలిచిపోయింది. మా మనవడి పేరు కుబేరప్ప. వాని జేబులో చూస్తే గోలీలు ఉండాయి.”

ఆమెకు నవ్వు రాలేదు. ఆయన దారాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

“ఒక పైపుకు రెండు ముడులేందమ్మా?”

“ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి కొలిచినాను. రెండూ వేరేగా వచ్చినాయి. నాదే తప్పనుకొని రెండూ వేసుకొచ్చినా.”

రెండో ముడి ఇంచుంపావుకు మిగిలింది, ఇంచున్నరకు చాల్లేదు. వెంకటేశయ్య గడ్డం గోక్కున్నాడు. “పైపు అంటే ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకటే లావు ఉంటుందమ్మా. రంగు ఏమన్నా వేస్తారా?”

“ప్రతి క్రిస్మస్‌కూ.”

“అట్ల చెప్పు. నువ్వు కొలిచింది రంగును. ఒకపక్క మందంగా పూసుంటారు. ఇనుము కనపడేదాకా గీకి, కొలుచుకోని రా పో.”

ఆ మాటతో ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది. ఇంటికి వచ్చేసరికి అంతోనమ్మ పైపుకు ఆనుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కోడలి చేతిలో తాళంచెవి చూసి మొహం ముడుచుకుంది.

“ఏం చేస్తావే దాన్ని?”

“కొంచెం గీకతా అత్తా. కొలతకు.”

“నువ్వు పుట్టకముందే మీ మామ సెల్వరాజు గనిలో నుంచి భుజాన మోసుకొచ్చినాడు. తెల్లరంగు పూసి, తానే గోడల్లో బిగించినాడు. ఇంగ్లీషోళ్ల ఇనుము. దాన్ని గీకి చూస్తుందంట, కంసాలమ్మ.”

“ఒక్కచోటే అత్తా.”

“ఏనుగు కూర్చున్నా కదలదు, చూడు.” అంతోనమ్మ జూలియాను ఎత్తి పైపు మీద కూర్చోబెట్టింది. పాప కాళ్లు ఊపుతూ కిలకిలా నవ్వింది. కింద రాతికాలువ.

“దించు అత్తా. పాప పడుతుంది.”

“పట్టుకోనుండానులే. నువ్వు గీకు.”

ఎవాంజలిన్ ఒక కన్ను పాప మీద పెట్టే గీకింది. వెండిరంగు పోతే నీలం వచ్చింది. నీలం కింద ఆకుపచ్చ, దాని కింద ఎరుపు, అట్టలు అట్టలుగా ఊడి పడ్డాయి. చివరికి తెలుపు తేలింది.

“అదే మీ మామ పూసింది. ఇంగ ఇనుమే,” అంది అంతోనమ్మ గర్వంగా.

ఎవాంజలిన్ తెల్లరంగు మీద గట్టిగా నొక్కింది. తాళంచెవి ఆగలేదు. పిడిదాకా లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే దాని వెంట పసుపుపచ్చని పొడి జలజలా రాలింది.

ఇనుము ఇట్లా కూడా ఉంటుందా? ఆలోచన తెగకముందే ఆమె చేతులు జూలియాను లాగి గుండెకు హత్తుకున్నాయి.

“ఏమైందే?” అంటూ అంతోనమ్మ వంగి చూసింది.

బెజ్జంలో నుంచి ఒక చెదపురుగు తాపీగా బయటికొచ్చింది.