ఇంకా రెండు కిలోలు

"సెవెంటీ టూ. ఇంకా రెండు కిలోలు, దీదీ," అన్నాడు మెడికల్ షాపతను.

చిట్టితల్లి మిషన్ దిగి, చెప్పులు విప్పి మళ్లీ ఎక్కింది. ముల్లు కదల్లేదు.

మూడు నెలల కిందట ఆమె బరువు ఎనభై ఒకటి. అప్పటినుంచి డాక్టరు రాసిచ్చినట్టే తింటోంది. పళ్లెంలో సగం కూర, గుప్పెడు అన్నం, వేపుడు బదులు ఉడికించిన చేప. టీలో పంచదార లేదు. దీవిలోని జంగ్లీఘాట్‌లో భర్త తిరుమలేష్‌ది బజ్జీల కొట్టు. రోజంతా ఆ మూకుడు పక్కనే నిలబడినా ఒక్క ముక్క నోట్లో వేసుకోలేదు.

"ఈ వయసులో హీరోయిన్‌వి అవుతావేటే?" అని పక్కింటి ఎరుకమ్మ ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేది.

పది రోజులుగా బరువు అక్కడే ఆగిపోయింది. భయమేసి రాత్రిభోజనం మానేసింది. నాలుగోరోజు పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి పడింది. తిరుమలేష్ ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

"పస్తులుంటే మొదటికే మోసం. వేళకి తినండి, నడవండి. వారానికి అరకిలో తగ్గితే చాలు," అన్నాడు డాక్టరు.

"అంటే ఇంకా నెల పడతాదా?" చిట్టితల్లి బావురుమంది.

ఆ సాయంత్రం తమ్ముడు సుభాష్ చెన్నై నుంచి ఫోన్ చేశాడు. రోజూ చేస్తాడు.

"ఈరోజెంతక్కా?"

"డెబ్భై రెండేరా. కదిలి సావట్లేదు."

"ఫికర్ మత్ కర్. తొందరేటుంది? కడుపునిండా తిను."

"నువ్వు తిన్నావా?"

"ఆకలి లేదు. నా వంతు కూడా నువ్వే తినేయ్," అని నవ్వబోయి దగ్గాడు.

మర్నాటినుంచి ఆమె మళ్లీ వేళకి తింది. కూరగాయల షిప్పు ఆలస్యమైతే దగ్గర్లోని చౌల్దారీ ఊరి నుంచి వచ్చే పాలకూరతో సరిపెట్టుకుంది. ఎండనక, వాననక జెట్టీ దాకా రెండు పూటలా నడిచింది. ఒక్కోరోజు నడుస్తూనే ఏడ్చేది. చూసినవాళ్లు చెమట అనుకునేవారు.

నెల తిరిగేసరికి ముల్లు డెబ్భై దగ్గర ఆగింది.

తిరుమలేష్ వంగి రెండుసార్లు చూశాడు. "చెన్నైకి టికెట్లు తీసేయనా?" అన్నాడు.

"తీసేయ్. ముందు ఆడికి చెప్పాలి."

మిషన్ మీద నిలబడే ఫోన్ చేసింది. తమ్ముడి భార్య శ్రీలక్ష్మి ఎత్తింది.

"శ్రీలక్ష్మీ, డెబ్భై! ఆడికియ్యి ఫోను!"

అవతల ఏడుపు. ఒకరిది కాదు, చాలామందిది.

"డాక్టరు చెప్పినంతా తగ్గిపోయానే. రేపే బయల్దేరతాం. ఆడికియ్యవే," అంది చిట్టితల్లి, ఆ ఏడుపు విననట్టే.

"ఇంక మీ లివర్ ఆయనకి అక్కర్లేదు, వదినా."